కనుమలో కాకి

సుబ్బరత్నానికి, క్షేమంగానే ఉన్నాను. ఈ కార్డు రాయకూడదనే అనుకున్నాను. కానీ నీ తమ్ముడు తిరుపాలు ముందే వచ్చి కోతలు కోస్తాడని రాస్తున్నాను.

ఈ సైకిలు యాత్రలో నంద్యాల కనుమ ఎక్కేటప్పుడు వాడు ఈల వేసుకుంటూ నన్ను దాటిపోయాడు. వాడి సైకిలుకు గేర్లున్నాయి, నాకు మోకాళ్లే ఉన్నాయి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. అది పండుగ సంగతే అనుకో, ఈ కొండ కనుమలో నా సైకిలూ కదలలేదు. దిగి నెట్టాను.

"ఏంది బావా, సైకిలు నిన్ను మోస్తాందా, నువ్వే దాన్ని మోస్తాండావా?" అని నలుగురిలో అరిచాడు. చెట్లు చూడ్డానికి దిగానన్నాను. అడిగితే నువ్వూ అదే చెప్పు.

గేదె ఈనిందా? మోకాళ్ల తైలం తీసిపెట్టు. వాడికి మాత్రం నాటుకోడి వండొద్దు. పిల్లలకు దీవెనలు.

పోస్టు డబ్బా కొండ కింద ఉంది. నేను లేవలేక కార్డు, పైన నాకోసం ఆగిన తిరుపాలుకే ఇస్తున్నాను.