తాడు వదిలిన చోట

అత్తయ్యగారికి మీ కోడలి నమస్కారాలు.

మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. అక్కడ మీరూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. రేపు పొద్దున్నే పడవెక్కుతున్న ఒక జంట మన ఊరి మీదుగానే వెళ్తున్నారట. ఈ ఉత్తరం వాళ్ళ చేతికిచ్చి పంపిస్తున్నాను. మొదటి కాగితం పాపకి చదివి వినిపించండి. రెండోది మాత్రం అది బడికి వెళ్ళాక, తలుపు వేసుకుని, మీరొక్కరే చదవండి.

పాపా, నువ్వడిగినవన్నీ చెబుతున్నాను, విను. ఇక్కడి సముద్రం ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చగా ఉంటుంది. నీలం చూడాలంటే పడవలో కాస్త లోపలికి వెళ్ళాలి. పీతలు మనిషి అలికిడికి అడ్డంగా పరుగెత్తి బొరియల్లో దూరతాయి. నిన్ను తెచ్చి ఉంటే ఒక్కదాన్నీ ప్రశాంతంగా బతకనిచ్చేదానివి కాదు. ఇనప తీగకు వేలాడుతూ లోయ దాటే ఆట ఆడాం. మీ నాన్న ఈ చివర నుంచి ఆ చివరి దాకా కేకలు పెడుతూనే ఉన్నారు. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. చెప్పేశాను. నానమ్మని విసిగించకు. పాలు వంపెయ్యకు.

అత్తయ్యా, మీరు నా బట్టల మధ్య పెట్టి పంపిన ఉత్తరం పెట్టె విప్పగానే దొరికింది. తిండి సరిపడుతోంది. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది. చెక్క గోడలు, వాకిట్లో రెండు కుర్చీలు, ఉప్పుగాలికి తుప్పెక్కిన గొళ్ళెం. ఎండకి ఒంటికి నూనె రాసుకోమన్నారు కదా, మీ అబ్బాయి వింటే కదా! ముక్కు మీద తోలు లేచిపోయి ఉడికించిన దుంపలా ఉంది.

ఇక్కడి నుంచి మీకు మాత్రమే. ఫోన్‌లో చెప్పగలిగేవి కావు.

మీ ఉత్తరం చివర్న ఒక మాట అడిగారు. "వాడి చేతులు ఎలా ఉన్నాయి?" అని. నాకు అర్థం కాలేదు. మొన్న షాపులో అద్దం గీసుకుని వేలు తెగింది, దాని గురించేమో అనుకున్నాను. మానిపోయిందని జవాబు రాద్దామనుకున్నాను కూడా.

మీకు తెలుసు కదా, షాపులో కళ్ళ పరీక్ష నాది, అద్దాలు బిగించే పని ఆయనది. కొంతకాలంగా సన్న మరలున్న ఫ్రేములు వస్తే నా వైపు నెట్టేస్తున్నారు. "కళ్ళజోళ్ళవాడికే చత్వారం వచ్చింది, ఎవరికీ చెప్పకు, బేరాలు పోతాయి" అని నవ్వేవారు. నేనూ నవ్వాను. పుట్టినరోజంటే గుమ్మం కదలని మనిషి ఈసారి సముద్రానికి వెళ్దామంటే, రోజుకో సాహసం చేద్దామంటే, నలభై అయిదేళ్ళకి కుర్రతనం వచ్చిందని సంబరపడ్డాను. మామయ్యగారికి జబ్బు మొదలైంది కూడా ఆ వయసులోనేనని నాకు అప్పుడు తట్టలేదు.

పుట్టినరోజు ముందు రోజు మాకు సముద్రంలో మునగడం నేర్పారు. నేర్పే ఆవిడ చురుకైన మనిషి, కాస్త గట్టి నోరు. ఒడ్డు దగ్గర, నడుం లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి సైగలు చెప్పింది. నీళ్ళ కింద మాటలుండవు. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నాలా చూపించాలి. నేను చూపించాను. ఆయన చూపించిన సున్నా నిలబడలేదు. వేళ్ళు కలిసినట్టే కలిసి ఎగిరిపడుతున్నాయి. ఆవిడ నీళ్ళ పైకి లేపి అడిగింది.

"చలేస్తోందా సార్?"

"అవునండీ, కొంచెం" అన్నారు.

ఆ నీళ్ళు స్నానానికి తోడిపెట్టినంత వెచ్చగా ఉన్నాయత్తయ్యా.

ఆ రోజంతా ఆయన చేతులు నాకు సరిగా కనిపించలేదు. జేబులో పెట్టుకునేవారు, లేదా తువ్వాలు చుట్టుకునేవారు. భోజనాల దగ్గర గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నారు. అడిగితే, "సెలవుల్లో కూడా పరీక్షలేనా?" అని మాట మార్చేశారు.

పుట్టినరోజు పొద్దున్న చాలా హుషారుగా లేచారు. పడవలో నా పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనిది, మా పెళ్ళైన కొత్తలో షాపు తెరిచిన రోజు సంగతులన్నీ చెప్పుకొచ్చారు. నా జడలోంచి ఊడిన పిన్ను తీసి, పెట్టలేక, నా అరచేతిలో పెట్టి పిడికిలి మూశారు. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి తెలుస్తోంది.

మునిగిన చోట ఒక తాడు కిందికి కట్టి ఉంది. దాన్ని పట్టుకునే దిగాలి, ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదని ఆవిడ మరీ మరీ చెప్పింది. ఒకవైపు పగడపు రాళ్ళు, రంగురంగుల చేపలు. రెండోవైపు అడుగు ఉన్నట్టుండి తెగిపోయి ఉంది. అటు చూస్తే ఏమీ లేదు, నీలం తప్ప. ఆ నీలం కిందికి పోయేకొద్దీ నల్లబడుతోంది.

నా ముఖానికి బిగించిన అద్దాల్లోకి నీళ్ళొచ్చాయి. ఆవిడ నా వైపు తిరిగి సరిచేస్తోంది. నీళ్ళు పోయి చూపు తేటపడేసరికి తాడు మీద ఆయన చెయ్యి లేదు. ఆయన మాకు కింద ఉన్నారు, రాళ్ళు తెగిపోయిన అంచు దాటి. చేతులు కొట్టుకోవడం లేదు. కాళ్ళు ఆడించడం లేదు. ముఖం పైకెత్తి నా వైపే చూస్తూ మెల్లగా దిగిపోతున్నారు. నిద్రపోయే పాపని గుమ్మంలోంచి చూసినట్టు చూశారు నన్ను.

నేను ఆవిడ భుజం పట్టుకుని గుంజాను. ఆవిడ తలకిందులుగా దూసుకెళ్ళి ఆయన వీపు మీది గాలి సిలిండర్ పట్టుకుంది. అంతసేపూ నేను తాడుని కావలించుకుని ఉన్నాను. నీళ్ళ కింద ఏడవడం ఎంత కష్టమో మీకు చెప్పలేను.

పడవలోకి లాగాక ఆవిడ చెడామడా తిట్టింది. "నేను చెప్పింది ఒక్క ముక్క. తాడు వదలొద్దని. అంతకన్నా తేలికైన పని ఉందా?"

"చెయ్యి జారిందండీ" అన్నారు ఆయన. ఆవిడ ఆ చేతులకేసి చూసింది. తిట్టడం ఆపేసింది. ఒడ్డున దిగేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "ఆయన్ని ఇక నీళ్ళలోకి దింపకమ్మా" అంది.

గదికొచ్చాక తడిబట్టలతోనే మంచం చివర కూర్చున్నారు. నేను తలుపుకి గొళ్ళెం పెట్టాను.

"జారిందా, వదిలేశారా?"

తువ్వాలు తీసి చేతులకి చుట్టుకున్నారు. "నిజంగా నాకే తెలీదు. జారినట్టే అనిపించింది. మళ్ళీ అందుకునే దూరంలోనే ఉంది తాడు. అందుకోబుద్ధి కాలేదు."

ఎండాకాలంలో సరుకు కోసమని పట్నం వెళ్ళినప్పుడు పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష చేయించుకున్నారట. "నాన్న జబ్బే" అన్నారు. ఆ రెండు ముక్కలే. ఇక నేనేం అడగాలి?

మళ్ళీ తనే అన్నారు. "అమ్మ నాన్నకి చెంచాతో అన్నం పెట్టేది. ఆయన విసిరికొట్టేవాడు. అమ్మ నేల తుడిచి మళ్ళీ పెట్టేది. చివర్లో ఆయనకి అమ్మెవరో కూడా తెలీదు. నువ్వా చెంచా పట్టుకోకూడదు."

"పట్టుకోవాలో వద్దో నేను చెప్తాను. మీరెవరు చెప్పడానికి?" అని అరిచాను. పక్కగది వాళ్ళకి వినిపించే ఉంటుంది.

ఇంతలో తలుపు తట్టారు. వంటమనిషి కేకు పట్టుకుని నిలబడ్డాడు, వెనకాల ఇంకో నలుగురు చప్పట్లు కొడుతూ. ఆయన చేతి మీద నా చెయ్యి వేసి, ఇద్దరం కలిసి కోశాం. ఎంత అన్యోన్యమో అని మురిసిపోయారు అందరూ. నా చేతి కింద ఆయన చెయ్యి పిట్టలా కొట్టుకుంటోంది. కత్తి మాత్రం ఎవరికీ అదురుతూ కనిపించలేదు.

తర్వాత మాట అడిగాను. ఇంకెప్పుడూ అలా చెయ్యనని చెప్పమన్నాను. చెప్పలేదు. "నీకు చెప్పకుండా ఏమీ చెయ్యను" అన్నారు. ఎంత బతిమాలినా అంతకు మించి ఒక్క మాట కలపలేదు. ఆ మాట పట్టుకునే ఇంటికి వస్తున్నాను. ఇప్పుడు ఇసకలో కూర్చుని సముద్రంకేసి చూస్తున్నారు. నేను కిటికీలోంచి ఆయన్ని చూస్తూ రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే అందుకే.

అత్తయ్యా, ఒక్కటి అడగకూడదనే అనుకున్నాను. అడుగుతున్నాను. నేను మొదటిసారి మీ ఇంటికొచ్చిన రోజు మామయ్యగారిని లోపలి గదిలో పడుకోబెట్టి, నరాల నీరసం అన్నారు. అది తండ్రి నుంచి బిడ్డకి దిగుతుందని అప్పటికే మీకు తెలుసా? తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు. మిమ్మల్ని వదిలి పోయేదాన్ని కాదు, మీరు లేకపోతే నాకు దారి చెప్పేవాళ్ళెవరు? కానీ నాకు తెలియాలి. ఆయన లేనప్పుడు చెప్పండి.

మేం వచ్చేలోపు మామయ్యగారి మందుల పెట్టె అటక మీంచి దించి, ఇంట్లో లేకుండా చెయ్యండి. మేం దిగగానే ఆయన చేతులకేసి చూడకండి. సంచి ఆయన్నే మొయ్యనివ్వండి. ఏడుపొస్తే వంటింట్లోకి వెళ్ళండి, నేనూ అక్కడికే వస్తాను.

నిన్న సాయంత్రం పాప వాళ్ళ నాన్నకని గీసిన బొమ్మ మీరు ఫోన్‌లో పంపారు. పడవ, సూర్యుడు, మేమిద్దరం. ఆయన చూసి ఎంత మురిసిపోయారో. ఆయన నిద్రపోయాక నేను మళ్ళీ తీసి, పెద్దది చేసి చూశాను. పడవ గీత ఒకచోట వణికినట్టుంది. తొమ్మిదేళ్ళ పిల్ల గీస్తే గీత వంకర పోవడం మామూలే కదా అత్తయ్యా?

ఇట్లు,
మీ కోడలు