మూడింటికీ బొట్టు

ఏమండీ,

మీరు పోయిన మూడేళ్ళకు కలం పట్టాను. ఈ మాట ఇంకెవరికీ చెప్పుకోలేను. పొద్దున మన సుజాత, స్నేహితులతో కలిసి మూడు పడవలు జోడించిన మీ ట్రైమరాన్ తెరచాప ఎత్తి, మచిలీపట్నం నుంచి అండమాన్‌కు బయలుదేరింది.

దాన్ని కొన్న రోజున నేను మధ్య పడవకు మాత్రమే దుర్గమ్మ కుంకుమ పెట్టాను. "పక్కనున్న చిన్నవి రెండూ అలగవుటే? బోర్లా పడకుండా కాసేవి అవే" అని నవ్వారు మీరు. అండమాన్ వద్దని నేను ఏడ్చినందుకు, చివరిదాకా కృష్ణ దాటి సముద్రంలోకి వెళ్ళలేదు.

ఇవాళ మూడింటికీ బొట్టు పెట్టాను.

"అమ్మా, ఏడుస్తున్నావా?" అంది సుజాత.

"కుంకుమ కంట్లో పడిందే. క్షేమంగా వెళ్ళిరా."

ఈ కాగితం మీ దగ్గరే దాచుకోండి. దానికి చూపించకండి. అమ్మకు భయం పోయిందనుకుంటోంది.