మూత వేస్తే ఆపినట్టు కాదు

చిరంజీవి గడుగ్గాయికి నాన్న ఆశీస్సులు.

మేం కులాసాగానే ఉన్నాం. అమ్మ మోకాలు కూడా ఈ మధ్య బుద్ధిగా ఉంటోంది. మీ నాటక బృందం నీ చేత ఊరూరా మైకులు మోయిస్తూనే ఉందా? పనిలో పడి తిండి మానకు.

పోయిన ఉత్తరంలో రెండు అడిగావు. నువ్విచ్చిన లినక్సు ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే నా సంగీతం కీబోర్డు మోగుతోందా అన్నావు. మోగింది, కానీ కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు ఒకటే చిటపటలు. నువ్వు చెప్పిన కమాండు కొట్టి, సౌండుకు ప్రత్యేక అనుమతి ఉండే ఆడియో గ్రూపులో చేరాను. అలా చేస్తే కంప్యూటర్ మిగతా పనులు ఆపి సౌండుకే ముందు వరుస ఇస్తుందన్నావు. ఇవ్వలేదు. చిటపటలు పోయేదాకా బఫర్, అదే, సౌండును ముందుగా పోగేసుకునే నిల్వ, పెంచుకుంటూ పోయాను.

ఇక రెండోది, నా ఎడమ చెయ్యి సంగతి. ఫోనులో అడిగినప్పుడల్లా దాటేశాను. ఆ చెయ్యి పట్టు తప్పిన జబ్బు చేశాక డాక్టరు చెప్పినట్టు ఒక్క ఎడమ చేత్తోనే సాధన చేస్తున్నాను కదా, మెట్టు నొక్కితే స్వరం తీరిగ్గా వచ్చేది. వేళ్లు మొద్దుబారాయి, ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నేను కీబోర్డు వాయించే మా ఊరి నాటకం రిహార్సల్ హాలుకు వెళ్లి, వేరే మనిషిని చూసుకోమని దర్శకుడికి చెప్పేశాను. అమ్మకు కూడా చెప్పలేదు. దారంతా ఏడుపు ఆగలేదు.

మొన్న అమ్మ దుమ్ము తుడుస్తూ కుడి చేత్తో ఒక మెట్టు నొక్కింది.

"ఇదేంటండీ, నేనిప్పుడు నొక్కితే ఇది ఆలోచించుకుని మోగుతోంది?"

"నీక్కూడానా?" అన్నాను.

"నా వేళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి. రోగం మీ డబ్బాకి."

అయితే తప్పంతా నా వేళ్లది కాదన్నమాట. గ్రూపులో చేరాక కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యమన్నావని గుర్తొచ్చింది. మనింట్లో ఆపడమంటే మూత వెయ్యడమే కదా, నేనూ అదే చేశాను. మూత వేస్తే అది కునుకు తీస్తుందంతే, కొత్త అనుమతి దానికి అందదు. ఈసారి నిజంగా ఆపి వేశాను. ఆ నిల్వ నిండేదాకా ఆగడం వల్లే స్వరం ఆలస్యమయ్యేది, అందుకని పెంచిన బఫర్ 1024 నుంచి 128కి దించాను. బిందె నిండేదాకా ఆగకుండా చెంబుతో పోసినట్టయింది. చిటపటలు లేవు, నొక్కగానే స్వరం.

నిన్న దర్శకుడి దగ్గరికి వెళ్లి, "వేరే మనిషి దొరికాడా?" అని గొణిగాను.

"దొరికితేగా. సోమవారం వచ్చెయ్యండి" అన్నాడు.

చిటికెన వేలు మాత్రం ఇంకా ఆలస్యమే. ఈసారి కంప్యూటర్ మీదికి తొయ్యడానికి లేదు, ఆ ఆలస్యం నాదే. రోజూ కూర్చోబెట్టి దాన్ని దారికి తెస్తాను. నువ్వొచ్చేసరికి రెండు చేతులా వాయిస్తాను, విందువుగాని.

ఇట్లు,
మూత వేసేసి, అంతా ఆగిపోయిందనుకున్న
మీ నాన్న