ప్రొఫెసర్ మంగ్లూ గారి గొడుగు సిద్ధాంతం

జూన్ 27, గురువారం

ఈ డైరీ ఒక ఎరువుల కంపెనీ వాళ్లు ఇచ్చింది. ఇంతవరకు కొట్టు లెక్కలు తప్ప వేరే రాసినవాణ్ని కాదు. ఈరోజు నుంచి రాస్తాను.

కారణం. నిన్న భోజనాల దగ్గర మా ఆవిడ జ్ఞానప్రసూన ఒక సంగతి మొదలుపెట్టింది. కిరండూల్‌లో వాళ్ల పెదనాన్న ఇంటి బావిలో మేక పడిందట. నేను ఊఁ కొడుతున్నాను. మధ్యలో ఆపేసి నా మొహం చూస్తూ కూర్చుందట. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. పెరుగన్నం అయ్యేదాకా కొట్టాను.

పొద్దున బచేలి బస్సు ఎక్కింది, తమ్ముడు రామారావు ఇంటికి. కిటికీలోంచి అంది: "గోంచాకు రావాలో వద్దో ఇంకా అనుకోలేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేయండి. మాట్లాడండి. బరసాతీ పట్టాల రేటు, వాన ఎంత పడింది, ఈ రెండూ మాటల కింద లెక్క కాదు."

గోంచా, అంటే మా ఊరి రథయాత్ర, జులై ఏడున. ఆ రోజు వెదురు బొమ్మ తుపాకీ, అదే తుప్కీ, పట్టుకుని, పిల్లలతో సమానంగా పెంగు కాయలు పేల్చకుండా ఆమె ఒక్క ఏడాది కూడా ఉండలేదు. అలాంటి మనిషి "ఇంకా అనుకోలేదు" అంది.

మధ్యాహ్నం రామారావు ఫోన్. "బావా, మీకు నోరు లేక కాదు, సరుకు లేక. పంపిస్తున్నా."

ఫోన్‌కు పంపాడు. 'రేపటి మాట' అని ఒక కార్యక్రమం. ఒక యాంకరమ్మ, రోజుకొక మేధావి, గంటసేపు ఒక పెద్ద భావం. సమాజం ఎటు పోతోంది, మనిషి ఏమవుతాడు, వగైరా.

సంకల్పం: రోజుకొక చర్చ వినాలి. అందులో ఒక భావం కొట్టులో అమలు చేయాలి. సాయంత్రం ఆమెకు చెప్పాలి. ఎనిమిదో తరగతితో బడి ఆగినా హిందీ, ఇక్కడి హల్బీ భాష, పద్దులు రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. మాట్లాడటం నేర్చుకోలేనా?

జూన్ 28, శుక్రవారం

అద్భుతంగా ఉంది. ఇన్నాళ్లు ఎందుకు వినలేదో.

భావం: ఎంపికలు పెరిగే కొద్దీ మనిషికి సుఖం తగ్గుతుంది. నిజమే. నా కొట్టులో తాళ్లు, బకెట్లు, బరసాతీలు ఒక ఎత్తు, రంగురంగుల గొడుగులు ఒక ఎత్తు. రంగువన్నీ అటక మీదికి పంపి నల్లవి మాత్రమే వేలాడదీశాను.

కొట్టు మెట్ల మీద ఆకుకూరలు అమ్మే లక్మే తల పైకెత్తి చూసింది. కోంటా వైపు మనిషి, తెలుగు దంచేస్తుంది.

"ఏంది సేఠ్, ఎవలన్న పోయిండ్రా? మొత్తం నలుపే కట్టినవ్."

ఒక తల్లీ కూతురూ గులాబీ రంగు గొడుగు అడిగారు. వాళ్ల సుఖం గురించి వివరించాను. శ్రద్ధగా విన్నారు. ఎదుటి కొట్టులో కొనుక్కున్నారు.

జమ: ఒక భావం. ఖర్చు: ఒక బేరం.

సాయంత్రం ఆమెకు చెప్పాను. "అంటే పెళ్లిచూపులకు మీరొక్కరే వచ్చారు కాబట్టి నేను సుఖపడ్డానంటారు" అంది. జవాబు ఆలోచించేలోగా ఫోన్ పెట్టేసింది. నవ్వినట్టు వినిపించింది. వాన చప్పుడు కూడా కావచ్చు.

జూన్ 29, శనివారం

భావం: శ్రద్ధగా వినడం. ఎదుటివారు చెప్పినదాన్ని మన మాటల్లో వారికే తిరిగి చెప్పాలి. అప్పుడు వాళ్ల మనసు తేలికపడుతుంది. నాకు సరిపోయిన భావం. సొంత మాటలు అక్కర్లేదు.

"ఇక్కడ నిన్నటి నుంచి కరెంటు లేదు."

"అంటే నిన్నటి నుంచి మీకు కరెంటు లేదంటున్నావు."

"అదేగా చెప్పాను."

"అదే చెప్పానంటున్నావు."

"ఏమండీ, ఒంట్లో బాగుందా?"

"నాకు ఒంట్లో ఎలా ఉందోనని నీకు బెంగగా ఉంది."

ఫోన్ రామారావు అందుకున్నాడు. "బావా, ఎవరైనా డాక్టరుకు చూపించండి."

జూన్ 30, ఆదివారం

సంత రోజు. బరసాతీలు కోసి ఇవ్వడంతోనే సరిపోయింది. సగం చర్చ విన్నాను. సగం విన్నా విన్నట్టే.

భావం: రేపు మనుషుల పనులన్నీ యంత్రాలే చేస్తాయి. లక్మేను అడిగాను, నీ పనికి యంత్రం వస్తే ఏం చేస్తావని.

"మమ్ముల లేపనీకి మున్సిపల్ కమిటీ జీపొస్తే గంప నెత్తికెత్తుకొని ఉరుకుతదా సేఠ్? ఉరికేటట్టయితే ఇయ్యాలనే రమ్మను. నేను పొయి పండుకుంటా."

ఇది సాయంత్రం ఫోన్‌లో మా ఆవిడకు చెబితే గట్టిగా నవ్వింది. ఈసారి వాన లేదు. "లక్మేకు ఫోన్ ఇవ్వండి" అంది. ఇచ్చాను. బ్యాటరీ అయిపోయేదాకా వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. ఇది నా ఖాతాలో జమ అవుతుందా? అవుతుందనే రాసుకుంటున్నాను.

జులై 2, మంగళవారం

నిన్న రాయలేదు. విన్నాను కానీ రాయలేదు. నిజానికి వినలేదు.

ఒకటి గమనించాను. మేధావులు జవాబు తెలియనప్పుడు "ఇది చాలా లోతైన ప్రశ్న" అంటారు. యాంకరమ్మ తల ఊపుతుంది. ప్రయత్నించాను.

"ఈరోజు ఏం తిన్నారు?"

"ఇది చాలా లోతైన ప్రశ్న. దీనికి మూడు కోణాలున్నాయి."

"మూడూ ఆ బస్ స్టాండు పక్క హోటల్లోవే కదా."

అవును.

గోంచాకు వస్తావా అని అడగాలనుకున్నాను. మళ్లీ వాన ఎంత పడిందో చెప్పాను.

జులై 3, బుధవారం

ఒకటే వాన. తార్పాలిన్ల కోసం జనం. చర్చను రెండింతల వేగంతో పెట్టాను. మేధావి వేలంపాట పాడుతున్నట్టుంది. ఆ జోరుకే నిద్రపట్టింది. లేచేసరికి ధన్యవాదాలు చెప్పుకుంటున్నారు. ఫోన్ చేసే వేళయింది. చేతిలో భావం లేదు.

"ఈరోజు ఎవరు మాట్లాడారు?"

"ఒక ప్రొఫెసర్."

"ఏమన్నారు?"

వీధిలో ఇద్దరు ఒకే గొడుగు కింద వెళ్తున్నారు. వాళ్లను చూస్తూ నోటికొచ్చింది చెప్పాను. ఇద్దరు ఒక గొడుగు కింద నడిస్తే, పట్టుకున్నవాడు దాన్ని రెండోవాళ్ల వైపు వంచుతాడు. అతని బయటి భుజం తడుస్తుంది. ఎంత వంచాడో ఆ భుజం చూస్తే తెలుస్తుంది. ఇంటికి చేరాక దాన్ని ఎవరూ చూడరు. దారంతా ఒక్క మాటైనా మాట్లాడలేదేం అని అడుగుతారు. అతను దారంతా గొడుగే చూస్తున్నాడు మరి.

  ఈసారి ఆమే "ఊఁ" అంది.

తర్వాత, "ఆ ప్రొఫెసర్ పేరేమిటి?"

ఎదురుగా రిక్షా తొక్కే మంగ్లూ బస్తాలు దించుతున్నాడు. "మంగ్లూ. ప్రొఫెసర్ మంగ్లూ గారు" అన్నాను.

"ఈరోజు చర్చ నీటి కొరత మీద. తమ్ముడు నాక్కూడా పంపుతున్నాడు. మొదటి రోజు నుంచీ వింటున్నాను."

నేనే ఫోన్ పెట్టేశాను.

జులై 4, గురువారం

దొంగ దొరికాడు. సంకల్పం సమాప్తం. ఫోన్ చేయలేదు. సిగ్నల్ లేదు. ఉంది, కానీ సరిగ్గా లేదు.

రామారావు సందేశం: "బావా, ప్రొఫెసర్ మంగ్లూ గారి తర్వాతి చర్చ ఎప్పుడు? ఇంటిల్లిపాదీ అడుగుతున్నారు." ఎగతాళి. 

రంగు గొడుగులు అటక మీది నుంచి దించాను.

జులై 6, శనివారం

నిన్న కూడా ఫోన్ చేయలేదు. అటునుంచీ రాలేదు. రేపే రథం.

లక్మే అడిగింది. "రెండు దినాల సంది ఫోన్ సప్పుడు లేదేంది?" జరిగింది చెప్పాను. ఇంత పొడుగు సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. నోరు తెరుచుకుని వింది.

"మంది మాటలు చెప్పినన్ని దినాలు ఫోన్ చేసినవ్. నీది నువ్వు చెప్పినంక బంద్ పెట్టినవ్. గిదేం తెలివి సేఠ్?"

మొలకెత్తిన పెసలు గంపలో సర్దుతోంది. రేపు దేవుడికి పెట్టే గజమూంగ్ అది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎవరితోనూ పంచుకోలేదు. ఇద్దరు పంచుకుంటే జన్మకు స్నేహితులు. అప్పటి నుంచి పేరు పెట్టి పిలుచుకోకూడదు. ఇద్దరూ ఒకరినొకరు గజమూంగ్ అనే పిలుచుకోవాలి. అలిగి మాట మానేయకూడదు.

"నీకు ఒక్క గజమూంగ్ గూడ లేడు కద" అంది.

లేడన్నాను. ఒక ఆకు దొప్ప నా కోసం పక్కన పెడతానంది.

జులై 7, ఆదివారం

గోంచా. కొట్టు మూసేశాను. బచేలి నుంచి వచ్చే బస్సుల దగ్గర నిలబడ్డాను. ఒకటి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. ఆమె దిగలేదు. లక్మే ఇచ్చిన దొప్ప పట్టుకుని రథం దగ్గరికి వెళ్లాను.

రథం కదిలింది. తుప్కీలు టపటపా పేలాయి. మెడ మీద చురుక్కుమంది. తడుముకున్నాను. పెంగు కాయ. మళ్లీ ఇంకొకటి, చెవి మీద. ఇంత గురి పిల్లలకు ఉండదు.

వెనక్కి తిరిగాను. కొంగు బిగించి, తుప్కీలో మూడో కాయ కూరుతోంది.

"ప్రొఫెసర్ గారూ, తగిలిందా?"

"బస్సులో లేవు" అన్నాను.

"పొద్దున ప్యాసింజర్ రైల్లో వచ్చి దిగాను. మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను, స్టాండులో ఆ దొప్ప పట్టుకుని."

ఇంతమంది మేధావులను విన్నాను.  చివరికి దొప్పే ముందుకు చాపాను.

లక్మే ఎక్కడి నుంచో జనాన్ని తోసుకుని వచ్చింది. "అమ్మా, తింటే ఇంక పేరు పెట్టి పిలువొద్దు, చూసుకో."

"ఆ నోము ఈయన పెళ్లయినప్పటి నుంచి చేస్తున్నారు లక్మే. ఇదిగో, విన్నావా, ఏమోయ్. ఇవీ నా పేర్లు."

నిజమే. జ్ఞానప్రసూన అనే పేరు రేషను కార్డు మీద రాశాను కానీ నోటితో ఎన్నడూ అనలేదు. మొదట సిగ్గు. తర్వాత అలవాటు.

ఆమె గుప్పెడు మొలకలు తీసి నోట్లో వేసుకుంది. మిగిలినవి నా చేతిలో పెట్టింది. తిన్నాను.

"ఇప్పుడు పిలవండి."

"గజమూంగ్" అన్నాను.

"తుప్కీల మోతలో వినబడలేదు."

మళ్లీ అన్నాను. మళ్లీ వినబడలేదంది. రథం గుడి చేరేదాకా ఆమెకు వినబడలేదు.

జులై 8, సోమవారం

సంకల్పం మళ్లీ మొదటి నుంచి. రోజుకొక చర్చ, ఈసారి ఇద్దరం. చెరొక చెవికి ఒక ఇయర్‌ఫోన్.

మధ్యాహ్నం కొట్టులో మొదలుపెట్టాం. యాంకరమ్మ నమస్కారం చెప్పింది. మేధావి "ఇది చాలా లోతైన ప్రశ్న" అన్నాడు. గజమూంగ్ అక్కడ ఆపేసి, బావిలో పడిన మేక సంగతి మళ్లీ ఎత్తుకుంది. ఊరంతా చేరింది. తాడు వేశారు. మేక సగం దాకా వచ్చింది. తాడు తెగింది. పెదనాన్న చొక్కా విప్పి బావి గట్టు ఎక్కాడు.

ఇక్కడ ఆగింది. నా మొహం చూస్తూ కూర్చుంది.

నేను ఊఁ అనలేదు.

"గజమూంగ్, ఆ తాడు మన కొట్టులోదా?" అన్నాను.

తుప్కీ కోసం గల్లాపెట్టె వెనక వెతికింది. చర్చలు రేపటి నుంచి, తప్పకుండా.