పెద్ద రాయి మీద అతికించిన కొమ్మ

మార్చి 9, సోమవారం

వదినకు,

నమస్కారం. ఈ నెల ఇరవై మూడో తేదీన నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అక్వేరియంలో పెద్ద తొట్టెలోని పగడాలు చచ్చిపోవడానికి కారణం నేనేనని అందులో రాసి ఉంది. కాదని నీకు తెలుసు. ఫోను చేస్తే ప్రతిసారీ మీ అమ్మగారే ఎత్తి, నువ్వు స్నానానికి వెళ్లావంటున్నారు. రోజంతా ఉప్పునీళ్లలో చేతులు పెట్టి బతికే మనిషికి ఇన్ని స్నానాలు దేనికో నాకు అర్థం కాలేదు. అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే స్నానమయ్యాక కూడా చదువుకోవచ్చు. నువ్వు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. మీ అమ్మగారి ఎదుట పైకి చదవకు.

ఆవిడ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇక్కడ అమ్మ బాగానే ఉంది. అన్నయ్య తిండి సరిగ్గా తినడం లేదు. నేను బాగున్నానని రాయాలి, రాయలేను.

నువ్వు పుట్టింటికి వెళ్లాక తొట్టెలోంచి పెద్ద రాయిని బయటకు తీయించారు. నువ్వు వేలెడంత ముక్కలుగా అతికించినవి, పెరిగి పెరిగి రాయిని కౌగిలించుకున్నవి, ఒక్క పగడపు కొమ్మా మిగల్లేదు. అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. బడిపిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూసే చోట ఇప్పుడు నల్లగుడ్డ వేలాడుతోంది.

మేనేజరుగారు నన్ను గదిలోకి పిలిచారు. కొత్త కొమ్మ ఏదైనా నెలన్నర విడి తొట్టెలో ఉండాలి, అడుగున పగడాన్ని తినే పురుగులూ వాటి గుడ్లూ లేవని తేలాకే పెద్ద తొట్టెలోకి రావాలి, ఆ విడి తొట్టె ఎవరి బాధ్యత అని అడిగారు. నాదేనన్నాను. మరి పురుగులతో ఉన్న ఆ ఊదారంగు కొమ్మ పెద్ద రాయి మీదకి ఎలా వచ్చిందన్నారు. తెలియదన్నాను. ఈ భవనంలో పగడాలు అతికించే చేతులు రెండు జతలే, ఒక జత సెలవు మీద వెళ్లింది, రెండో జత నా ఎదురుగా ఉంది, ఇంకెవర్ని అడగమంటావు అన్నారు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

సంతకం పెడితే ఉద్యోగం తీసేసి అంతటితో వదిలేస్తారట. కానీ ఈ పనిలో ఉన్నవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. తొట్టెకి పురుగు పట్టించిన మనిషని పేరు పడితే ఇంకెవరూ దగ్గరికి రానివ్వరు. నేను చదివింది ఇదొక్కటే వదినా.

ఇంట్లో ఏమంటున్నారో కూడా విను. అమ్మ మొదట ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, పోనీలేవే, మీ వదినకి ఈ పని పోతే ఇంకోటి ఎవరిస్తారు, నీకేం, మనింట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే, ఎక్కడికెళ్లినా కుర్చీ వేసి కూర్చోబెడతారు అంది. నన్ను చదివించింది కుర్చీ కోసమని ఇన్నాళ్లూ నాకు తెలియదు. అన్నయ్య ఇంకో అడుగు ముందుకేసి తన పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. సంతకమే కదా చెల్లెమ్మా, కొన్నాళ్లు పోతే ఎవరికి గుర్తుంటుంది అన్నాడు. ఆ మాట నా మొహం చూసి అనలేదు. టేబుల్ తుడుస్తూ అన్నాడు. తిన్న కంచం తీయమంటేనే పదిసార్లు చెప్పించుకునే మనిషి, లేని మరకని తుడిచీ తుడిచీ పెట్టాడు. ఇదంతా నీ మీద ప్రేమ అనుకున్నాను. నా కోసం ఎవరైనా ఇంత సిగ్గు విడిచి అడుగుతారా అని నీ మీద కాస్త అసూయ కూడా పడ్డాను. ఈ ఉత్తరం ఆ పెన్నుతోనే రాస్తున్నాను. బాగానే రాస్తోంది.

నేను చేరిన కొత్తల్లో నేను అతికించిన కొమ్మ ఒక్కటీ నిలిచేది కాదు. పొద్దున్నే వచ్చేసరికి అన్నీ ఇసుకలో పడి ఉండేవి. నీ డిగ్రీ జారిపోయిందే, ఏరుకో అని నవ్వేదానివి. జిగురు నీటిని తాకగానే పైన పొర కడుతుంది, నేను నొక్కేది ఆ పొరనే. ఊరికే నొక్కకు, కాస్త మెలిపెట్టు, పొర చిరిగితేనే లోపలి జిగురు రాయిని పట్టుకుంటుంది అని నా మణికట్టు పట్టుకుని తిప్పించావు. మొదట జిగురు, దాని మీద చిన్న పుట్టీ ముద్ద, మళ్లీ జిగురు. మనం అతికిస్తున్నంతసేపూ అన్నయ్య వెనక గదిలో పంపులు ఆపి, ఇంకా ఎంతసేపు, చేపలకి ఊపిరాడాలా వద్దా అని కేకలేసేవాడు. పంపు రెక్క తగిలి బొటనవేలు సగానికి తెగినప్పటి నుంచి అక్కడ అందరూ తనని తొమ్మిదిన్నర అంటారు కదా. తొమ్మిదిన్నరగారూ, కంగారుపడకండి, ఉన్న అర కూడా పోతుంది అని నువ్వు తిరిగి కేకేసేదానివి. సెలవు రోజుల్లో జనం అద్దం ముందు నిలబడి మనిద్దర్నీ మెచ్చుకుంటుంటే, అందులో నా చేతిది ఒక్కటీ లేదు, నేను పైపులు కడిగేవాణ్నే అని అన్నయ్య నవ్వేవాడు. మనమూ నవ్వేవాళ్లం.

ఇక అసలు సంగతి. కొమ్మలు ఒక్కొక్కటే ఎందుకు తెల్లబడుతున్నాయో తెలియక వెతుకుతుంటే, రాయి పైన బాగా వెనక్కి ఆ ఊదా కొమ్మ నా కంట పడింది. ఇదెప్పుడు అతికించావు వదినా అని నిన్నే అడిగాను. నువ్వు నిచ్చెనెక్కి, చేయి నీళ్లలో పెట్టి, కొమ్మ వెనక్కి వేళ్లు పోనిచ్చి తడిమావు. చాలాసేపు తడిమావు. చేయి బయటకు తీసి, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుని, ఏమో అన్నావు. అన్నిటికీ సమాధానం ఉండే నీ నోట ఏమో అన్న మాట నేను వినడం అదే మొదలు. మర్నాడే మీ అమ్మగారికి మోకాలు నొప్పి వచ్చింది.

ఆ కొమ్మ కింద పుట్టీ పక్కలకి పొంగి ఉంది. నువ్వెప్పుడూ అంత ముద్ద పెట్టవు. తొందరలో, నేను లేనప్పుడు పెట్టావని అనుకున్నాను. ఎవరో ఇచ్చి ఉంటారు, ఆ రంగు చూసి ఆగలేకపోయి ఉంటావు. నాతో ఒక్క మాట అంటే విడి తొట్టెలో పెట్టేదాన్ని కదా. నెలన్నర ఆగలేకపోయావా? పోనీ తప్పు జరిగింది. జరిగాక, నన్ను ముందుకి తోసి నువ్వు బస్సెక్కడం ఏమిటి?

నేను అడిగేది ఒక్కటే. ఆ కొమ్మ నేనే అతికించానని మేనేజరుగారికి రెండు ముక్కలు రాయి. నీ ఉద్యోగం పోతే ఇద్దరం కలిసి ఇంకోటి వెతుకుదాం, నేను మాటిస్తున్నాను. కానీ చేయనిదానికి సంతకం పెట్టి, ఆ తర్వాత రోజూ నీ పక్కన కూర్చుని అన్నం తినడం నా వల్ల కాదు.

ఇట్లు,
నువ్వు మణికట్టు పట్టుకుని పని నేర్పిన
నీ ఆడపడుచు

తా.క.

ఉత్తరం నిన్న రాశాను, పోస్టు చేయలేదు. ఈ పొద్దున ఏప్రానూ చేతితొడుగులూ అప్పగించడానికి వెళ్లాను. పెద్ద రాయి వెనక ఆవరణలో ఎండలో పడి ఉంది. ఊడ్చే ఆవిడ ముక్కు మూసుకుని, మీ సముద్రం కంపు భరించలేకపోతున్నాం తల్లీ, కావాలంటే ఇంటికి పట్టుకుపో అంది. నేను వంగి, నువ్వు తడిమిన చోటే తడిమాను. ముందు నుంచి చూస్తే కనిపించదు, వేలికి తగులుతుంది. పుట్టీ రాయిలా గట్టిపడింది. అందులో బొటనవేలితో నొక్కిన గుంట ఉంది. నా వేలు అందులో పెట్టి చూశాను. సగం బయటే ఉండిపోయింది. ఆ గుంట పొట్టిగా, మొద్దుగా, గోరు గుర్తు లేకుండా అక్కడికే ఆగిపోయింది.

నువ్వు కాదు వదినా.

పంపులు తనే ఆపుకుని, మనల్ని చూసి చూసి నేర్చుకున్న పనితో, తన చేతిది ఒక్కటైనా అందులో ఉండాలని పెట్టుకున్నాడు. అక్కడి వరకూ నాకు కోపం కూడా రావడం లేదు. ఆ మాట అన్నప్పుడు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ పెన్ను తెచ్చిచ్చాడు. అమ్మ నీ పేరు ఎత్తినప్పుడు పక్కనే ఉండి, కాదని ఒక్క మాట అనలేదు. భార్య మీద పడినా సరే, చెల్లెలి మీద పడినా సరే అని టేబుల్ తుడిచాడు. నీకేమో నిచ్చెన మీదే తెలిసిపోయింది. ఆ వేలు నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? మొగుణ్ని పట్టివ్వలేక, నన్ను కాపాడలేక, వెళ్లి స్నానాల్లో మునిగావు. అసలు మునిగింది నేను.

నిన్ను అన్న మాటలకి క్షమించమని అడగను. నువ్వు నోరు విప్పి ఉంటే అనేదాన్ని కాదు. పైన రాసిందాన్ని చింపకుండా అలాగే పంపుతున్నాను. నువ్వు ఊరుకున్నందుకు నేను నీ గురించి ఏమేం నమ్మానో నువ్వు చదవాలి.

ఆ పుట్టీ ముక్కని ఉలితో ఊడదీసి తెచ్చాను. నా బట్టల అడుగున ఉంది. సంతకం పెట్టను. ఇరవై మూడున ఆ కాగితం మీద ఇది పెడతాను. అన్నయ్యకి ఇంకా ఏమీ చెప్పలేదు. ఇందాక భోజనం దగ్గర, ఏం ఆలోచించావు చెల్లెమ్మా అని అడిగాడు. నేను తన చేతినే చూస్తూ కూర్చున్నాను. తను చేయి కంచం కిందికి లాక్కున్నాడు.

తనంతట తాను వెళ్లి మేనేజరుగారికి చెప్పుకుంటే నేను దీన్ని బయటికి తీయనక్కర్లేదు. వెళ్లమని తనతో చెప్పాల్సింది భార్యో, చెల్లెలో నువ్వే తేల్చు. ఇరవయ్యో తేదీలోగా జవాబు రాయి. ఆ తర్వాత వచ్చిన ఉత్తరం నేను విప్పను.