గేటు మీద సుద్ద గుర్తు

ఏవండీ,

భోజనం మూతపెట్టి ఉంచాను, వేడిచేసుకుని తినండి. దోమల పొగమందు వాసన కొట్టే చొక్కాని బకెట్లో నానబెట్టి వదిలేయకండి. నీళ్లు నిలవుంచితే డెంగీ వస్తుందని వీధివీధికీ చెప్పేది మీరే. నేను బ్యాంకుకు వెళ్తున్నాను, సాయంత్రం వస్తాను.

నిన్న మీ బృందం మన వీధికి వస్తే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. ఎదురింటి బామ్మగారి పూలకుండీలు ఒక్కొక్కటీ వంచి చూశారు, ఆవిడతో ఎంత నవ్వారో. నేను ఇక్కడ అందరికీ టీ పెట్టి, జడ కూడా వేసుకున్నాను. మీరేమో సొంతిల్లే కదా అని చూసేసినట్టు గేటు మీద సుద్దతో గుర్తు గీసి వెళ్లిపోయారు. వానలు మొదలయ్యాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే.

అన్నట్టు, ఆ గుర్తును పొద్దున తడిగుడ్డతో తుడిచేశాను. గుర్తు లేని ఇంటికి మళ్లీ రావాలట కదా. ఈసారి లోపలికి రండి.