ఆదివారం భోజనానికి అయిదు చోట్లు

ఏప్రిల్ 11, మంగళవారం

టొంచ్కా పెద్దమ్మ పూటకూళ్ళింటికి వెళ్ళొచ్చాను. మా ఊరు లుబ్ల్యానా నుంచి బస్సులో నలభై నిమిషాలు, చిత్తడి నేలల అవతలి అంచున. గొడ్డుమాంసం సూప్, వేయించిన బంగాళాదుంపలు పెట్టింది. బ్రహ్మాండం అన్నాను. నిజానికి ఉప్పు తప్ప ఏమీ తెలియలేదు. జనవరి జ్వరంలో పోయిన వాసన పట్టే శక్తి ఇంకా తిరిగి రాలేదు. ప్రతి శుక్రవారం ఎక్కడ భోంచేయాలో పేపర్లో ఊరికి చెప్పే మనిషిని నేను. మూడు నెలలుగా పాత జ్ఞాపకాలతో బండి లాగిస్తున్నాను. ఈ సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు.

తిన్నాక వంటింట్లోకి పిలిచింది. బల్ల మీద బుట్టెడు చెమాజ్, అడవి వెల్లుల్లి ఆకు. ఆదివారం సూప్ కోసం. ఏటా కొండ మీద కోసేదట. ఈసారి మోకాళ్ళు మొరాయించాయట, కింద వాగు పక్కనే కోసిందట. పొద్లెసెక్ గానీ కలిసిందేమో చూడు పిల్లా, కోసీ కోసీ నా చేతులే వెల్లుల్లి కంపు, ఇంక ఏ ఆకు నలిపినా అదే వాసన అంది. పొద్లెసెక్ కూడా లేతప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. దానికి వాసన ఉండదు. విషం. మా వైపు వసంతం వస్తే ఎవరో ఒకరు పొరబాటున తిని ఆస్పత్రి పాలవుతూనే ఉంటారు.

ఒక ఆకు తీసి నలిపాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వట్టి గాలి.

అబ్బో ఏం ఘాటు అన్నాను.

ఇంకేం, పేపరు వాళ్ళ ముక్కే ఒప్పుకుంది అని నవ్వింది. బుట్టను చల్లటి నేలమాళిగలో పెట్టి, పైనుంచి ఒక గుప్పెడు తీసి కాగితంలో చుట్టి నాకిచ్చింది.

ఏప్రిల్ 12, బుధవారం

శుక్రవారం పేపరుకి జాబితా రాసేశాను. సంత దగ్గర వేయించిన సార్డీన్ చేపలు. స్టేషన్ వెనక పుల్ల క్యాబేజీ, చిక్కుడు గింజలు కలిపి ఉడికించే జోటా. నది ఒడ్డున ట్రౌట్. బోస్నియా ముసలాయన బొగ్గుల మీద కాల్చే కబాబులు. వీటన్నిటికన్నా పైన టొంచ్కా పెద్దమ్మ ఆకు సూప్. తలుపు తీయకముందే వెల్లుల్లి ఘాటు ఎదురొస్తుంది అని రాశాను. పోయినేడు ఎదురొచ్చిన మాట నిజమే.

ఏప్రిల్ 13, గురువారం

కింది వాటా డ్రాగో గారు వచ్చారు. నా ఉత్తరం ఆయన డబ్బాలో పడిందట. ఏటా నేను చెమాజ్ తెస్తే మెట్ల మీద నుంచే తగువు పెట్టుకుంటారు, ఇది ఇల్లా వెల్లుల్లి గోదామా అని. ఇవాళ నా వంటింట్లో కూర్చుని, కాఫీ తాగి, వానల గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. ఆయన ఎదుటే ఫ్రిజ్ తీసి పాలు తీశాను. ఆకు అందులోనే ఉంది, వట్టి కాగితంలో.

వెల్లుల్లి మాటే ఎత్తలేదు.

ఏప్రిల్ 14, శుక్రవారం

జాబితా అచ్చయింది. మా ఎడిటర్ రాడోవాన్ మంచి హుషారుగా ఉన్నాడు. టొంచ్కా దగ్గర ఆదివారానికి ఒక్క బల్లా ఖాళీ లేదట. నీ ముక్కుకి ఇన్సూరెన్స్ చేయించాలి అన్నాడు. నవ్వాను.

మధ్యాహ్నం టొంచ్కాకి ఫోన్ చేశాను. ఆ ఆకు ఇంకోసారి చూసుకోకూడదా అన్నాను. నువ్వు చూశావుగా, ఇంక నాకేం భయం, నీ పుణ్యాన ఆదివారం ఇల్లంతా జాతరే అంది. నాకు వాసన తెలియదు పెద్దమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. అంటే సోమవారం నుంచి నా ఉద్యోగం ఉండదు. ఆదివారం కలుద్దాం అని పెట్టేశాను. పిరికిదాన్ని.

ఏప్రిల్ 15, శనివారం

ఆకు పట్టుకుని డ్రాగో గారి తలుపు దాకా రెండుసార్లు దిగాను, రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను.

ఏప్రిల్ 16, ఆదివారం, ఉదయం 10

మూడోసారి దిగి తలుపు కొట్టాను. ఆయన నలిపి, వాసన చూసి, గడ్డి తెచ్చావేంటమ్మా, కుందేలుని గానీ పెంచుతున్నావా అన్నారు.

టొంచ్కా ఫోన్ ఎత్తడం లేదు. వంట చేసేటప్పుడు ఎప్పుడూ ఎత్తదు. బస్సు పదీ నలభైకి.

అదే రోజు, సాయంత్రం

వేళకే చేరాను. ఇంకా ఎవరికీ వడ్డించలేదు. హాలు నిండా జనం, కొందరి చేతుల్లో నా జాబితా. ఎవరో నన్ను గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు. పొయ్యి దగ్గర టొంచ్కా లేదు, ఆమె కోడలు వీడా ఉంది. సూప్ ఎవరూ ముట్టుకోవద్దు అని అరిచాను. ఆకులో విషం ఉంది, నాకు వాసన తెలియదు, మంగళవారం అబద్ధం చెప్పాను అన్నాను. అందరి ముందూ అన్నాను. ఇంత తేలికా అనిపించింది. ఒకాయన, మరి మేం ఇప్పుడు ఎక్కడ తినాలి అని అడిగాడు.

మీ అత్తయ్య ఎక్కడ అని అడిగితే, తెల్లవారుజాము నుంచీ ఒకటే వాంతులు, పనెక్కువై నీరసపడిందనుకున్నాం అంది వీడా. ఇంటికి వచ్చినవాళ్ళకి పెట్టే ముందు రాత్రి తను ఒక గిన్నె తిని చూడటం టొంచ్కా అలవాటు. నలభై ఏళ్ళుగా అంతే. అది నాకూ తెలుసు. ఆ మాట నేనే రెండుసార్లు పేపర్లో రాశాను.

అంబులెన్స్ ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. ఘాటుగా ఉందన్నావు కదే పిల్లా అంది. కోపంగా అనలేదు. ఊరికే అడిగినట్టు అంది.

ఏప్రిల్ 17, సోమవారం

వాంతులు తగ్గాయి. దిండుకి ఆనుకుని కూర్చుంది. ఏడవకే, ఈ ఆస్పత్రి భోజనం మాత్రం నీ జాబితాలో పెట్టకు, చప్పిడి కూడు అంది. నేనూ నవ్వేశాను. వరండాలో డాక్టరమ్మ పక్కకి పిలిచింది. వాంతులు తగ్గడాన్ని నమ్మొద్దంది. ఈ విషం మొదట పొట్టని వదిలి తర్వాత మిగతావన్నీ పట్టుకుంటుందట. బుధవారం దాకా ఏమీ చెప్పలేనంది.

రాడోవాన్‌కి రాజీనామా ఉత్తరం రాసి ఇచ్చేశాను. చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 19, బుధవారం

పొద్దున కాఫీ వాసన తెలిసింది. ఫ్రిజ్‌లో మిగిలిన ఆకు తీసి నలిపాను. గడ్డి వాసన.

వీడా ఆస్పత్రి నుంచి మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.